రెండు థౌల పంతం

దానయ్య మిస్త్రీకి కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కారణం దొరికితే ఇంకాస్త ఎక్కువ వచ్చేది, అంతే. టీలో చక్కెర తక్కువైతే ఒక కోపం, ఎక్కువైతే ఇంకో కోపం. రాయ్‌పూర్ స్టేషన్ దగ్గరి బస్సుల గ్యారేజీలో పొద్దున్న ఎనిమిదింటికి ఆయన గొంతు లేవలేదంటే, పక్కనున్న సైకిలు దుకాణంవాడు తొంగిచూసి, "మిస్త్రీకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాడు.

పుట్టింది పార్వతీపురం దగ్గర. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి రైలు పట్టాలు వేసే గ్యాంగులో తండ్రి పని పట్టుకుని, ఆ పట్టాల వెంబడే పెళ్ళాంబిడ్డలతో ఇటొచ్చేశాడు. దానయ్య పదిహేనో ఏట రైలింజన్ల షెడ్డులో ఖలాసీగా చేరి, మసిగుడ్డ పట్టుకోవడం దగ్గర మొదలెట్టి ఫిట్టరయ్యాడు. పన్నెండేళ్ళు చేశాక ఒక రోజు పై ఉద్యోగి ఒకాయన "నీకు చేతకాదు" అన్నాడు. ఆయన కాలికి జానెడు దూరంలో సుత్తి వచ్చి పడింది. ఆ సాయంత్రమే దానయ్య షెడ్డు గేటు దాటి బయటికొచ్చేశాడు. మళ్ళీ ఆ వైపు తల తిప్పి చూడలేదు.

బస్సుల గ్యారేజీలో చేరాక ఆయన పేరు మారుమోగింది. ఇంజిను విప్పి మళ్ళీ కట్టడంలో ధమ్‌తరీ దాకా అంతటివాడు లేడనేవాళ్ళు. ఇంజిను గొట్టంలో పైకీ కిందకీ ఆడే పిస్టనుకీ, గొట్టం గోడకీ మధ్య కాస్త సందు ఉండాలి. ఆ సందుని థౌలలో కొలుస్తారు. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క థౌ. దానయ్య రెండు థౌలు వదిలేవాడు. వెంట్రుక కూడా పట్టదు. పిస్టనుకి నూనె రాసి గొట్టంలో వదిలి, బీడీ ముట్టించి, ఒక దమ్ము లాగి పొగ వదిలేలోపు అది కిందకి జారిపోతే, "లూజు! తియ్యండి!" అని అరిచేవాడు. జారకుండా ఆగి ఆగి దిగితే మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. "ఇదీ ఫిట్టంటే! సందులు కావాలంటే గుఢియారీ పేటలో బోలెడున్నాయి, పోయి తిరగండి," అనేవాడు. డ్రైవర్లు చుట్టూ చేరి చూసేవాళ్ళు. దానికి 'దానయ్య ఫిట్టు' అని పేరు కూడా పెట్టారు.

1954 ఎండాకాలంలో ధమ్‌తరీకి తిరిగే బస్సు ఇంజిను మొత్తం విప్పాల్సొచ్చింది. గొట్టాలు అరిగిపోతే బోరు పెద్దది చేయించి, కొత్త పిస్టన్లు తెప్పించారు. ఇంతకాలం వచ్చినవి నల్లటి పోత ఇనుపవి. ఇవి తెల్లగా, తేలిగ్గా ఉన్న అల్యూమినియంవి. దానయ్య ఒకదాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకుని, "ఇదేటిది, గిన్నెల సామానా?" అని నవ్వాడు. నవ్వుతూనే వాటినీ రెండు థౌలకి కట్టడం మొదలెట్టాడు.

స్టోరు గుమస్తా సూరిబాబు పైడమ్మకి అక్క కొడుకు. పైడమ్మ దానయ్య పెళ్ళాం. గ్యారేజీ మొత్తానికి ఇంగ్లీషు చదవగలిగింది సూరిబాబొక్కడే. పిస్టన్ల పెట్టెలో వచ్చిన కాగితం పట్టుకుని భయంభయంగా వచ్చాడు.

"బాబాయ్, ఈ తెల్ల పిస్టన్లకి సందు ఎక్కువెట్టమని రాసున్నాది. నాలుగున్నర థౌలంట."

"ఆ రాసినోడొచ్చి కడతాడేటి ఇంజిను? నాలుగున్నరంటే అందులోంచి ఎద్దుబండి తోలీయొచ్చు! నిన్నగాక మొన్న మీసమొచ్చినోడివి, నాకు సందులు నేర్పుతావా? ఫో, పోయి బోల్టులు లెక్కెట్టుకో!"

సూరిబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంజిను కట్టాక స్టార్టు చేయడానికి హ్యాండిలు నలుగురు పట్టుకుని తిప్పాల్సొచ్చింది. ఆ బిగుతు చూసి దానయ్య మురిసిపోయాడు.

బస్సు తీసుకెళ్ళింది పరదేశి అనే డ్రైవరు. ఛత్తీస్‌గఢీవాడు, నల్లగా పొడుగ్గా ఉండే మనిషి, తొమ్మిదేళ్ళుగా అదే బస్సు నడుపుతున్నాడు. ఒక్క కోడిపిల్లని కూడా తొక్కించలేదని పేరు. మిట్టమధ్యాహ్నం, నిండా జనంతో, దారిలోని అభన్‌పూర్ వైపు వెళ్తుంటే పదో మైలు దగ్గర ఇంజిను కీచుమని అరిచి పట్టేసింది. పిస్టన్లు గొట్టాలకి అతుక్కుపోయాయి. లారీకి తాడు కట్టి బస్సుని గ్యారేజీకి ఈడ్చుకొచ్చారు.

దానయ్య నిప్పు తొక్కినట్టు ఎగిరి, రేడియేటరు మూత తీసి చూశాడు. నీళ్ళు సగానికే ఉన్నాయి.

"చూడండి సేఠ్! చూడండి అందరూ! నీళ్ళు పొయ్యకుండా నడిపాడు!"

వాళ్ళందరి మధ్యా మాటలు హిందీలోనే నడిచేవి. పరదేశి నెమ్మదిగా, "బయల్దేరేటప్పుడు నిండా పోశాను మిస్త్రీ. ఇంజిను పట్టేశాక మరిగి పొంగిపోయాయి," అన్నాడు.

"అబద్ధం! దానయ్య ఫిట్టు పట్టేసిందా? పదకొండేళ్ళలో ఎప్పుడైనా పట్టేసిందా?"

బస్సుల యజమాని సేఠ్ చేతిలో పాన్ మడత అలాగే పట్టుకుని, "దానయ్యా, ఖాయంగా చెబుతున్నావా? వీడి ఉద్యోగం సంగతి," అన్నాడు.

"నా పనిముట్ల మీద ఒట్టు. వీడు నీళ్ళు పొయ్యలేదు," అన్నాడు దానయ్య, ముప్పై మంది వింటుండగా.

పనిముట్ల మీద ఒట్టేసిన మిస్త్రీ మాటకి గ్యారేజీలో ఎదురు లేదు. పరదేశిని అప్పటికప్పుడు పనిలోంచి తీసేశారు. అతను సీటు కింద నుంచి తన చెంబు, తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరిగేసరికి బస్టాండులో అదో సరదా అయిపోయింది. పరదేశి కనిపిస్తే చాలు, "ఏం పరదేశీ, నీళ్ళు పోశావా?" అని పిల్లా జెల్లా అడగడం. ఎవరూ అతనికి ఇంకో బండి ఇవ్వలేదు. నీళ్ళు పోయడం మరిచిపోయే డ్రైవరుకి ఎవరిస్తారు?

దానయ్య ఇంజిను మళ్ళీ విప్పాడు. గొట్టాలు సాపు చేయించి, మళ్ళీ తెల్ల పిస్టన్లే తెప్పించి, మళ్ళీ రెండు థౌలకే కట్టాడు. ఈసారి సూరిబాబు పెట్టె అక్కడ పెట్టి, కాగితం మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

మూడు వారాలకి ఇంజిను తయారైంది. పరదేశి సీట్లోకి నూకరాజు వచ్చాడు. పైడమ్మ తమ్ముడు, లారీ నడిపేవాడు. దానయ్య అందరూ చూస్తుండగా రేడియేటరు అంచుదాకా తన చేత్తో నీళ్ళు పోసి, "చూసుకోండర్రా! మళ్ళీ ఎవడూ సాకు చెప్పకూడదు!" అని అరిచి, నూకరాజు పక్కన ఎక్కి కూర్చున్నాడు. జనానికి బదులు ఇసక మూటలు వేశారు.

తొమ్మిదో మైలు దగ్గర ఇంజిను కీచుమంది.

దానయ్య కిందకి దూకాడు. ముందు ఎండని తిట్టాడు. తర్వాత రోడ్డుని తిట్టాడు. నూనె అమ్మినవాడిని తిట్టి, వాడి తాతని తిట్టి, ఇసక మూటల్ని కాలితో తన్నాడు. ఇక తిట్టడానికి నూకరాజు ఒక్కడే మిగిలాడు.

"ఏటి సేసినావురా నా ఇంజినీని?"

నూకరాజు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీల్లు నువ్వే పోసినావు. పక్కన నువ్వే కూకున్నావు. నానేటి సేసినాను బావా?"

దానయ్య ఇంజిను చల్లారేదాకా రోడ్డు పక్కన నిలబడి, మసిగుడ్డతో మూత తిప్పి చూశాడు. నీళ్ళు సగానికే ఉన్నాయి. మిగతావి పొంగి బానెట్టు నిండా కారిపోయాయి. ఆ రోజు పరదేశి చెప్పింది అక్షరాలా ఇదే. దానయ్య చేతిలో పానా ఉంది, ఎవరి మీద విసరాలో మాత్రం తెలియలేదు.

గ్యారేజీకి చేరాక ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఒక్కడే విప్పాడు. పాడైన పిస్టన్లు బల్ల మీద వరసగా పెట్టి, మూలన పడేసిన పాత వాటిని కూడా తెచ్చి పక్కనే పెట్టాడు. గీతలు ఒకేచోట పడ్డాయి. అప్పటివీ, ఇప్పటివీ. సూరిబాబుని పిలిచి కాగితం అడిగితే సరిపోయేది. కానీ కాగితం మాట వినడం దానయ్యకి చేతకాదు. ఆయనకి ఇనుమే చెప్పాలి.

ఆదివారం పొద్దున్నే ఒక పాత ఇనుప పిస్టన్ను, ఒక తెల్ల పిస్టన్ను గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. పొయ్యి మీదున్న డేగిసాలో అవి రెండూ వేసి, నీళ్ళు పోసి మంట పెంచాడు. పైడమ్మ కుళాయి దగ్గర నుంచి వచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! బువ్వొండుకునే డేగిసాలో ఇంజినీ ఉడకెడతన్నావేటి? ఆ మురికి నూనంతా నా డేగిసాకి! నీ కోపం తగలెయ్యా, మతి కూడా పోనాదేటి?"

"నోర్ముయ్యే. కొలవనీ."

నీళ్ళు తెర్లాయి. ఇనుప పిస్టన్ను పటకారుతో తీసి మైక్రోమీటరులో పట్టాడు. చల్లగా ఉన్నప్పటికన్నా రెండున్నర థౌలు పెరిగింది. తెల్లదాన్ని తీసి పట్టాడు. అయిదున్నర పెరిగింది. నమ్మలేదు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ కొలిచాడు. నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి మూడోసారి చూశాడు. అదే అయిదున్నర. ఇంజిను గొట్టం ఇనుపది. వేడెక్కితే ఇనుప పిస్టనుతో సమంగా సాగుతుంది, అందుకే ఇన్నేళ్ళూ రెండు థౌల సందు నిలిచింది. ఈ తెల్లది గొట్టం కన్నా మూడు థౌలు ఎక్కువ సాగుతుంది. దానయ్య ఇచ్చిన చోటు రెండు.

పీట మీద కూలబడ్డాడు. పైడమ్మ గొంతు తగ్గించి, "ఏటైనాది?" అంది.

"నేదు."

"ఏటి నేదు?"

"సందు నేదు పైడీ. నానే ఉంచనేదు."

పైడమ్మకి థౌలు తెలియవు. పరదేశి సంగతి తెలుసు. "ఐతే ఆ పరదేశి నీల్లు పోసినాడన్నమాట. ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాటోడే! మొన్న బజార్లో ఆడి పెళ్ళాం కనపడితే నాను మొకం తిప్పుకున్నాను, తప్పు ఆలదే అని. నీ మాట నమ్మి తిప్పుకున్నాను! భన్‌పురి భట్టీలో ఇటకలు మోస్తన్నారు ఇద్దరూ."

దానయ్య డేగిసాని ఒక్క తన్ను తన్నాడు. అది గుమ్మం దాటి వీధిలో పడింది. ఇంత కోపం ఆయనకి జన్మలో రాలేదు. ఎప్పుడూ ఎదుటివాడి మీద పోసేసి చల్లబడేవాడు. ఈసారి పోయడానికి చోటు దొరక్క ఒళ్ళంతా మండింది. "తూ, నీ బతుకు చెడ! నీ మీసం చెడ!" అని తననే తిట్టుకుంటూ సైకిలెక్కాడు.

భన్‌పురి మూడు మైళ్ళు. ఊరి బయట ఇటుకల భట్టీ దగ్గర పరదేశి పచ్చి ఇటుకల మీద నీళ్ళు చల్లుతున్నాడు. ఒళ్ళంతా ఎర్రదుమ్ము. దానయ్య సైకిలు దిగి, రొప్పుతూ, ముందూ వెనకా లేకుండా అనేశాడు.

"తప్పు నాది. ఇంజిను నేనే బిగించాను. నువ్వు నీళ్ళు పోశావు."

పరదేశి చేతిలో డబ్బా కింద పెట్టలేదు. "నేను నీళ్ళు పోశానని నాకు తెలుసు మిస్త్రీ. నాకెందుకు చెబుతున్నావు?"

"నీకు కాకపోతే ఎవరికి చెప్పాలి?"

"ఆ రోజు ఎవరెవరికి చెప్పావో వాళ్ళకి. ఇక్కడెవరున్నారు వినడానికి? ఇటుకలా?"

దానయ్యకి చుర్రుమంది. "ఎండలో మూడు మైళ్ళు తొక్కుకుంటూ వచ్చి తప్పు నాదంటే..."

"వచ్చిన దారి అదే కదా. తిరిగి తొక్కు," అని పరదేశి పని చూసుకున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి దానయ్య గ్యారేజీలో అందరినీ కేకేశాడు. డ్రైవర్లు, క్లీనర్లు, కండక్టర్లు వచ్చారు. సైకిలు దుకాణంవాడిని, టీ కాచేవాడిని కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. సేఠ్ గది తలుపు కొట్టి బయటికి పిలిచాడు. హిందీలో ఒకసారి, తెలుగు కూలీల కోసం తెలుగులో ఒకసారి చెప్పాడు.

"పరదేశి నీళ్ళు పోశాడు. తెల్ల పిస్టనుకి నాలుగున్నర థౌల సందు కావాలి. కాగితంలో రాసుంది, సూరిబాబు చదివి చెప్పాడు కూడా. నేను పొగరుతో రెండే వదిలాను. నా పనిముట్ల మీద అబద్ధపు ఒట్టేశాను. ఇక మీదట పరదేశిని నీళ్ళ మాట అడిగినవాడి పళ్ళు రాలతాయి."

సూరిబాబు నేల చూపులు చూస్తున్నాడు. సేఠ్ మాత్రం విసుక్కున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఈసారి సరిగా కట్టు. నూకరాజు ఉన్నాడుగా నడపడానికి."

"పరదేశి?"

"వాడెందుకు మళ్ళీ? జనం నోట్లో పడ్డ మనిషి. వాణ్ణి చూస్తే ప్యాసింజర్లు నవ్వుతారు."

"నోట్లో వేసింది నేను!" దానయ్య అరుపుకి రేకుల మీద కాకులు లేచిపోయాయి. "వాడు ఆ సీట్లో కూర్చునేదాకా ఈ ఇంజినుకి ఒక్క బోల్టు బిగిస్తే నేను దానయ్యని కాదు!"

"నిన్నూ తీసేస్తాను."

"తీసెయ్ సేఠ్! బస్టాండు నడిమధ్య నిలబడి చెబుతాను, ఈ గ్యారేజీలో మిస్త్రీ తప్పుకి డ్రైవరు కడుపు కొడతారని!"

నూకరాజు గుంపులోంచి ముందుకొచ్చి, "నాకా సీటు వద్దు సేఠ్‌జీ. నాకు లారీ ఉంది," అని చల్లగా చెప్పేశాడు. పెళ్ళిళ్ళ సీజను. ఆ వారం బస్సుకి మూడు పెళ్ళివారు చెప్పుకుని ఉన్నారు. సేఠ్ మధ్యాహ్నం దాకా బింకంగా కూర్చుని, భోజనం చేసి వచ్చి, "పిలవండి ఆ పరదేశిని," అన్నాడు.

దానయ్య నాలుగు రోజులు కష్టపడ్డాడు. సూరిబాబుని పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, "సదువు. మల్లీ సదువు," అంటూ గొట్టాలు ఒక్కో థౌ చొప్పున సాపు చేసి సందు పెంచాడు. కొత్తగా తెప్పించిన పిస్టన్లలో మొదటిదానికి నూనె రాసి వదిలితే సర్రున కిందకి జారిపోయింది. బీడీ ముట్టించే వ్యవధి కూడా ఇవ్వలేదు. చుట్టూ ఉన్న డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దానయ్య దవడలు బిగించి, "రెండోది ఇయ్యండి," అన్నాడు.

శుక్రవారం పొద్దున్న పరదేశి వచ్చాడు. ఉతికిన ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాలు. తానే బక్కెట్టు పట్టుకుని రేడియేటరు నిండా నీళ్ళు పోశాడు. పోస్తుంటే ఎవరూ నవ్వలేదు. సీట్లో కూర్చుని, దానయ్య వైపు చూశాడు.

"ఎక్కు మిస్త్రీ. నా పక్కన."

దానయ్య ఎక్కాడు. వెనక మళ్ళీ ఇసక మూటలే. ఊరు దాటగానే పరదేశి మొదలెట్టాడు.

"ఇప్పుడు విను. ఆ రోజు నువ్వు అరిచావు, నేను విన్నాను. ఇవాళ నా వంతు. బావి దగ్గర నా పెళ్ళాం బిందె ముంచితే, 'మీ ఆయనకి కాస్త తీసుకెళ్ళు, మరిచిపోతాడు' అన్నారు. ఎవరివల్ల? నీవల్ల! భట్టీలో కూలీలని చూసుకునే ముకద్దం ఇటుకలు మోసే పని మాన్పించి నీళ్ళు చల్లే పని ఇచ్చాడు నాకు, పదిమందిలో నవ్వుతూ. ఎవరివల్ల?"

"నావల్లే. కానీ నేను..."

"నోర్ముయ్! తొమ్మిదేళ్ళు నీ ఇంజిన్లు నడిపాను. చప్పుడు తేడా వస్తే నీకన్నా ముందు నాకు తెలుస్తుంది. ఆ రోజు ఆరో మైలులోనే బండి బిగుస్తోందని తెలిసింది. ఆపుదామనుకున్నాను. దానయ్య కట్టిన ఇంజిను కదా, ఏమీ కాదులే అనుకున్నాను. గాడిదని! నిన్ను నమ్మి ఆపలేదు!"

దానయ్య పుట్టి బుద్ధెరిగాక ఒక మాట పడి ఊరుకున్నవాడు కాదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది, రెండుసార్లూ మింగాడు. పరదేశి కళ్ళు రోడ్డు మీద, చెవులు ఇంజిను మీద పెట్టి, నోటితో దానయ్యని ఏకుతూనే ఉన్నాడు. ఆయన మీసాన్ని తిట్టాడు, ఒట్టుని తిట్టాడు, ఒక బీడీ కూడా ఇవ్వని పిసినారితనాన్ని తిట్టాడు. తొమ్మిదో మైలు దాటింది. పదో మైలు దాటింది. ఇంజిను చప్పుడులో తేడా లేదు. ఒకచోట పరదేశి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, గేరు మార్చి, మళ్ళీ అందుకున్నాడు.

అభన్‌పూర్‌లో బస్సు ఆగింది. దానయ్య దిగి మూత తీశాడు. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఇంజిను మీద చెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచాడు.

"బాగానే ఉంది," అన్నాడు, పరదేశి మొహం చూడలేక.

"ఇంజిను మాట నిన్నెవడడిగాడు? ఇంకా సగం కూడా తిట్టలేదు నేను," అన్నాడు పరదేశి బస్సు వెనక్కి తిప్పుతూ. "ఎక్కు. తిరిగి వెళ్ళేటప్పుడు మిగతాది."

దానయ్య మూత బిగించి, ఎక్కి అతని పక్కన కూర్చున్నాడు.